కాల్చని నిప్పు

ఫాల్గుణ పున్నమి వచ్చిందంటే జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ఊళ్లలో రాత్రివేళ కామదహనం జరుగుతుంది. పిల్లలు పోగుచేసిన కట్టెలు, పిడకలు భగ్గున అంటుకొంటాయి. పొగ తిన్నగా లేచి, కొంత ఎత్తున సుడులు తిరిగి, గాలివాటున ఒరిగిపోతుంది. బడి ముఖం చూడని అవ్వ కూడా ఆ పొగను చూచి గాలి ఎటు వీస్తున్నదో చెప్పగలదు. వెండితెరపై మంటను సృష్టించేవారు మెప్పించవలసినది అగ్నిని ఎరిగిన ఆ కంటినే.

నిప్పుకు నిలకడైన రూపం లేదు. సెకనుకు 24 బొమ్మలు గీచి దానిని కదిలించుట చిత్రకారునికి పెనుభారం. 1982లో ‘స్టార్ ట్రెక్’ రెండవ చిత్రానికి విలియం రీవ్స్ ఒక ఉపాయం పన్నినాడు. అసంఖ్యాకమైన రేణువులకు వేగము, రంగు, ఆయువు నిర్ణయించి విడువగా, ఒక గ్రహాన్ని చుట్టుముట్టే అగ్ని తెరపై రూపుకట్టింది. కాని రవ్వలకు చాలిన యీ ఉపాయం పొగ సుడులకు చాలలేదు.

పొగ నడక గాలి నడకయే గదా! ప్రవాహాల నడకకు నేవియర్, స్టోక్స్ అను శాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దంలోనే సమీకరణాలు కూర్చినారు. వాటిని కంప్యూటరుచేత సాధింపజేయుటకు, మంట లేచే తావును చిన్న చిన్న గళ్లుగా విభజిస్తారు. ప్రతి గడిలోను గాలి వేగమెంత, వేడిమి ఎంత, పొగ ఎంత చిక్కన అని క్షణక్షణానికి లెక్క కట్టవలెను. పొడవు, వెడల్పు, ఎత్తులకు నూరేసి గళ్లైతే మొత్తం 10 లక్షలు; ప్రతి వైపూ రెట్టింపైతే 80 లక్షలు! శ్రమ తగ్గించుటకు కాలాన్ని పెద్ద అంగలతో దాటబోతే అంకెలు హద్దుమీరి, పొగ చెల్లాచెదరయ్యేది. అంగ పెద్దదైనా తడబడని పద్ధతిని 1999లో జోస్ స్టామ్ చూపినాడు. అందులో చిన్న సుడులు త్వరగా అణగిపోయేవి. 2001లో ఫెడ్కివ్, స్టామ్, జెన్సెన్ వాటికి తిరిగి ప్రాణం పోసినారు.

ఈ విద్య తెలుగు తెరకూ వచ్చినది. 2022లో విడుదలైన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రంలో వంతెనపై రైలు పేలి, నదిపై మంటలు పరచుకొనగా, ఇద్దరు వీరులు ఒక బాలుని రక్షిస్తారు. ఆ చిత్రపు విజువల్ ఎఫెక్ట్స్‌కు వి. శ్రీనివాస మోహన్ జాతీయ పురస్కారం పొందినారు. పసివానిని నిజమైన మంటల నడుమ నిలుపుటకు ఏ తల్లి సమ్మతించును? కాల్చని నిప్పు విలువ అక్కడ తెలుస్తుంది.

అయితే వంటింటికి గ్యాసుపొయ్యి వచ్చిన పిమ్మట, కట్టెల మంటను నిత్యమూ చూచే భాగ్యం పిల్లలకు తగ్గినది. నిప్పును తెరపైననే ఎరిగిన కన్ను రేపు అసలుకు, నకలుకు తేడా ఎట్లు చెప్పగలదు? ఉపాధ్యాయుడు తరగతిలో ఒక కొవ్వొత్తి వెలిగిస్తే చాలును. మంట అడుగున నీలం, పైన పసుపు. ఆ పసుపు కాగి మెరిసే మసి నుండి వచ్చిన వెలుగే. ఆర్పిన వెంటనే సన్నని పొగ నిటారుగా లేచి, ఆపైన సుడి తిరుగుతుంది. అది ఎందుకు తిరిగిందని ఒక్క పిల్లవాడు అడిగినా, ఆనాటి పాఠం సార్థకమైనట్లే.