రంగు కింద చెమ్మ

కమాన్‌పూర్‌లోని మా అత్తగారి పాత ఇల్లు అమ్ముదామనుకున్నప్పుడు చుట్టాలందరూ ఇచ్చిన సలహా ఒక్కటే, "ముందు మంచి రంగు కొట్టించుండ్రి."

వీధి గది గోడ నడుం ఎత్తు దాకా చౌడెక్కింది. తెల్లటి ఉప్పు పొంగి, పెచ్చులు రాలుతున్నాయి. సుతారి వచ్చి చూసి తేల్చేశాడు. "పట్టీ పెట్టి రెండు కోట్లు ఏస్తే దసరా దాకా ఎవ్వలికీ తెల్వదమ్మా."

అత్తమ్మ ఊరుకోలేదు. "దసరా ఎన్క ఆ ఇంట్ల ఉండేటోళ్లు మనల్ని తిట్టరా?"

ఇక రంగు మాట పక్కన పెట్టాం.

చెమ్మ ఎటు నుంచి వస్తోందో తెలుసుకునే సులువైన పరీక్ష ఒకటుంది. చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును జానెడు తీసుకుని, గోడ పైభాగం తుడిచి, అంచులన్నీ టేపుతో మూసి అంటించండి. రెండ్రోజులయ్యాక చూడండి. రేకుకు గది వైపు తడి ఉంటే అది గాలాడక చేరిన ఆవిరి, కిటికీలు తెరిస్తే చాలావరకు తగ్గుతుంది. గోడ వైపు తడి ఉంటే నీళ్లు గోడలోనే ఉన్నట్టు. మాది రెండోదే.

కారణం వెతికితే వాకిట్లోనే దొరికింది. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేయగా వేయగా వీధి మా గడప కన్నా ఎత్తయింది. వాన నీళ్లన్నీ పునాది పక్కనే నిలుస్తాయి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు గోడ ఆ నీళ్లను లాగుతుంది. పాత ఇళ్లకు పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు. పైగా, మట్టి అడుసుతో కట్టిన ఆ గోడకు ఇరవయ్యేళ్ల కింద ముచ్చటపడి సిమెంటు పూత వేయించింది మేమే! సున్నం పూతయితే తడిని బయటికి వదిలేది. సిమెంటు దాన్ని లోపలే బంధించింది.

గోడ పక్కన మట్టి తవ్వించి, నీళ్లు పోయేలా మోరి తీయించాం. చెమ్మ గీతకు అడుగు పైదాకా సిమెంటు పూత చెక్కించి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపించాం. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. ఏప్రిల్, మే ఎండలకు వదిలేసి, తర్వాత సున్నం, ఇసుక పూత వేయించాం. అయినా గోడ పూర్తిగా ఆరిందని చెప్పలేను. అంగుళం మందానికి నెల పడుతుందని లెక్క. మాది అడుగున్నర గోడ మరి.

చెప్పాలా వద్దా అని ఆయన తటపటాయించారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవాళ్లకు తెలిసుంటే చెప్పి తీరాలి. అత్తమ్మకు ఈ సెక్షన్లేవీ తెలియవు. ఇల్లు చూడ్డానికి వచ్చినావిడ చెయ్యి పట్టుకుని నేరుగా ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లింది.

"ఇంకో ఎండకాలం పోయేదాక దీనికి పెయింటు ఎయ్యకుండ్రి బిడ్డా, సున్నమే ఎయ్యుండ్రి."

వాళ్లు ధర కొంత తగ్గించమన్నారు. తగ్గించాం. మోరి ఎటు పారుతుందో, ఎక్కడ పూడుకుంటుందో కూడా చూపించి తాళాలిచ్చాం.