చెంద్రు, అతని పులి: పసి దుఃఖానికి తోడు ఏం చేస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ పట్టణానికి దగ్గరలో గఢ్‌బెంగాల్ అనే ఊరు ఉంది. బస్తర్ అడవుల్లోని మురియా గోండుల పల్లె అది. 1950లలో ఆ ఊళ్లో సుమారు పదేళ్ల పిల్లవాడొకడు పులితో ఆడుకునేవాడు. పేరు చెంద్రు మండావీ. ఇంట్లో పెద్దవాళ్లు అడవి నుంచి వెదురుబుట్టలో తెచ్చిన పులికూనను అతనే పెంచాడని, దానికి టెంబు అని పేరు పెట్టాడని చెప్పుకుంటారు. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ ఆ అబ్బాయితో, మురియా ప్రజలతో ఒక సినిమా తీశారు. 1957లో విడుదలైన ఆ చిత్రానికి పండిట్ రవిశంకర్ సంగీతం అందించారు. మరుసటి ఏడాది అది కాన్ చిత్రోత్సవానికి వెళ్లింది. ఆస్ట్రిడ్ బెర్గ్‌మన్ సుక్స్‌డార్ఫ్ తీసిన ఫొటోల పుస్తకం చెంద్రును ఎన్నో దేశాల పిల్లలకు పరిచయం చేసింది.

పులి మెడ మీద చెయ్యి వేసుకున్న పిల్లవాణ్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అయితే ఆ ముచ్చట వెనుక ఒక ఎడబాటు ఉంది. మనుషుల చేతికి వచ్చిన పులికూన అంటేనే తల్లికి దూరమైన కూన. ఆ తర్వాత ఎడబాటు చెంద్రు వంతు అయింది. పసి ప్రాణి దేన్నైనా కోల్పోయినప్పుడు ఇంకొక ప్రాణిని ఎందుకు అంటిపెట్టుకుంటుంది? ఆ తోడు ఎంతవరకు పనికొస్తుంది? ఆరేడు దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు వెతుకుతున్న ప్రశ్నలివి.

పాలకన్నా స్పర్శ ముఖ్యం

చెంద్రు సినిమా కాన్‌కు వెళ్లిన 1958లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ హార్లో ఒక ప్రయోగాన్ని వివరించారు. తల్లి నుంచి వేరుచేసిన కోతిపిల్లల ముందు ఆయన రెండు బొమ్మలు ఉంచారు. ఒకటి ఇనుప తీగలది, ఇంకొకటి మెత్తటి గుడ్డ చుట్టినది. పాలసీసా తీగల బొమ్మకు ఉన్నా, పిల్లలు పాలు తాగి వెంటనే గుడ్డబొమ్మ దగ్గరకు చేరేవి. భయమేసినా దాన్నే కరుచుకునేవి. ఈ ప్రయోగం క్రూరమైనదన్న విమర్శ తర్వాత గట్టిగానే వచ్చింది. కానీ పిల్లలు తల్లిని కోరేది కేవలం ఆకలి తీరడానికే అన్న అప్పటి నమ్మకం దాంతో చెదిరిపోయింది.

బ్రిటన్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ఇదే విషయాన్ని మనుషుల్లో గమనించారు. ధైర్యం కోసం పరిగెత్తి చేరడానికి పసిబిడ్డకు ఒక చోటు కావాలని, అది దూరమైతే వచ్చే కలత పెద్దవాళ్ల దుఃఖం లాంటిదేనని ఆయన వివరించారు. పులికూనకైనా అంతే. కిలో కాస్త అటూఇటూ బరువుతో, కళ్లు తెరవకుండా పుట్టే ఆ కూన రెండేళ్ల వరకు తల్లి వెంటే తిరుగుతుంది. ఆ దశలో తల్లి లేకపోతే పాలు పట్టే చేతినే, పక్కన పడుకునే ఒంటినే నమ్ముకుంటుంది.

మరణం ఎప్పుడు అర్థమవుతుంది?

చిన్నపిల్లలకు చావు సంగతి తెలియదని మన ఇళ్లలో అనుకుంటాం. అది సగమే నిజం. మార్క్ స్పీస్, సాండర్ బ్రెంట్ అనే పరిశోధకులు అప్పటివరకు జరిగిన అధ్యయనాలను 1984లో సమీక్షించారు. చనిపోయినవాళ్లు తిరిగిరారు, వాళ్ల శరీరం ఇక పనిచేయదు, ప్రాణమున్న ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతుంది అనే మూడు సంగతులు చాలామంది పిల్లలకు 5 నుంచి 7 ఏళ్ల మధ్య అర్థమవుతాయని తేల్చారు. అంతకన్నా చిన్నవాళ్లకు అర్థం తెలియకపోయినా లోటు మాత్రం తెలుస్తుంది. అందుకే "నాన్న ఎప్పుడొస్తాడు?" అని పదేపదే అడుగుతారు.

ఉదయం బోరున ఏడ్చిన పిల్లవాడు మధ్యాహ్నం గోలీలాడుతుంటే పెద్దలు విస్తుపోతారు. అందులో తప్పేమీ లేదు. దుఃఖంలో ఉన్నవాళ్లు కాసేపు పోయినవారి తలపుల్లోకీ, కాసేపు రోజువారీ బతుకులోకీ మారిమారి వెళ్తుంటారని మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షట్ 1999లో ప్రతిపాదించారు. పిల్లల్లో ఈ రాకపోకలు మరింత వేగంగా సాగుతాయి. వాళ్లకు ఆట అంటే మరచిపోవడం కాదు, ఊపిరి తీసుకోవడం.

మాట్లాడని నేస్తం

ఈ ఊపిరి తీసుకునే వేళల్లోనే జంతువులు తోడుగా నిలుస్తాయి. అమెరికాలో పిల్లల మానసిక వైద్యం చేసిన బోరిస్ లెవిన్సన్‌కు జింగిల్స్ అనే కుక్క ఉండేది. ఆయనతో పెదవి విప్పని పిల్లలు కూడా ఆ కుక్క పక్కన ఉంటే తేలికపడేవారు. ఈ అనుభవాన్ని ఆయన 1962లో వ్యాసంగా ప్రచురించారు. గదిలో కుక్క ఉన్నప్పుడు పిల్లల రక్తపోటు తక్కువగా ఉందని, గట్టిగా చదువుతున్నప్పుడు సైతం ఈ తేడా కనిపించిందని 1983లో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం చూపింది. జంతువు ప్రశ్నలు వేయదు. జాలి చూపదు. "ఏడవకు" అనదు. సమయానికి తిండి పెడితే చాలు. పైగా, అన్నీ చేజారిపోయాయని అనుకునే పిల్లలకు "నా మీద ఆధారపడిన ప్రాణి ఒకటుంది" అన్న భావన దక్కుతుంది.

కానీ అన్ని జంతువులూ ఒకటి కాదు. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ అనుబంధానికి తోడ్పడే ఆక్సిటోసిన్ హార్మోన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో కనుగొన్నారు. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లలో ఆ మార్పు కనిపించలేదు.

మచ్చికైతే పెంపుడు జంతువు అయిపోదు

ఒక జంతువు మనిషికి అలవాటుపడటం దాని ఒక్క జీవితానికి సంబంధించిన సంగతి. పెంపుడు జాతిగా మారడం తరతరాల ఎంపిక. 1959లో రష్యాలో ద్మిత్రీ బెల్యాయెవ్ మొదలుపెట్టిన ప్రయోగంలో అతి సాధువైన నక్కలనే ఎంచి జతకట్టిస్తూ పోతే, కొన్ని తరాల తర్వాత మనుషులను చూసి తోక ఊపే నక్కలు పుట్టాయి. పులికి అలాంటి చరిత్ర లేదు. పాలు తాగిన చేతిని అది గుర్తుపట్టవచ్చు. 200 కిలోలకు పెరిగాక మాత్రం దాని ఆట కూడా ప్రాణాంతకమే. చెంద్రు చిన్ననాడు లేని వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. నేడు పులిపిల్లను ఇంట్లో పెంచడం నేరం. చెంద్రు కథ మనకిచ్చే పాఠం పులిని తెచ్చుకోమని కాదు.

రెండో ఎడబాటు

అసలు పాఠం ఆ తర్వాతి జీవితంలో ఉంది. సినిమా అయ్యాక చెంద్రును స్వీడన్ తీసుకెళ్లారు. కొంతకాలం తర్వాత ఆయన గఢ్‌బెంగాల్‌కు తిరిగొచ్చారు. పులి లేదు, సినిమావాళ్లు లేరు. మామూలు బతుకుకు సర్దుకోవడం ఆయనకు చాలా కష్టమైందని, పేదరికంలోనే గడిపారని పత్రికలు రాశాయి. 2013 సెప్టెంబరులో జగదల్‌పూర్‌లో ఆయన కన్నుమూశారు.

దీని పక్కన ఇంకో కథ పెట్టి చూడవచ్చు. 2004 డిసెంబరు సునామీ సమయంలో కెన్యా తీరంలో తల్లికి దూరమై చిక్కుకున్న నీటిగుర్రం పిల్లను రక్షించి మొంబాసాలోని హాలర్ పార్కుకు తెచ్చారు. ఓవెన్ అని పేరు పెట్టారు. అది అక్కడున్న సుమారు 130 ఏళ్ల పెద్ద తాబేలు మ్జీ చెంత చేరింది. రెండూ కలిసి తిన్నాయి, కలిసి పడుకున్నాయి. ఓవెన్ పెరిగి తాబేలుకు ప్రమాదమయ్యే సమయం వచ్చేసరికి సంరక్షకులు దాన్ని ఒంటరిగా వదిలేయలేదు. క్లియో అనే ఆడ నీటిగుర్రానికి జత చేశారు. ఒక తోడు దూరమయ్యే ముందు ఇంకో తోడును సిద్ధం చేశారు. చెంద్రుకు ఆ ఏర్పాటు ఎవరూ చేయలేదు.

గోదావరికి ఇవతల

ఇది తెలుగువారికి దూరపు కథ కాదు. 2005 తర్వాత బస్తర్‌లో ఘర్షణలు పెరగడంతో వేలాది ఆదివాసీ కుటుంబాలు నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవి పల్లెలకు తరలివచ్చాయి. వారిని ఇక్కడ గుత్తికోయలు అంటారు. ఇల్లు, భాష, కొన్నిసార్లు అయినవాళ్లు కూడా దూరమైన పిల్లలు వారిలో ఉన్నారు. అలాంటి పిల్లలకు అంగన్వాడీ టీచరో, పక్కింటి అవ్వో, తరగతిలో పక్కన కూర్చునే నేస్తమో ఊహించని తోడు కావచ్చు. ఆ తోడు మధ్యలో మాయం కాకుండా నిలబడటమే ముఖ్యం.

దుఃఖంలో ఉన్న పిల్లలతో ఎలా మెలగాలో పరిశోధనలు కొంత స్పష్టంగానే చెబుతున్నాయి. "ఊరెళ్లాడు", "నిద్రపోయాడు" అనకుండా "చనిపోయాడు, ఇక రాడు" అని మెల్లగా నిజం చెప్పాలి. లేకపోతే పిల్లలు నిద్రకే భయపడవచ్చు. పోయినవారి పేరు ఇంట్లో ఎత్తకుండా దాచనక్కర్లేదు. జ్ఞాపకాలతో బంధం కొనసాగించడం సహజమేనని డెన్నిస్ క్లాస్ తదితరులు 1996లో వెలువరించిన పుస్తకంలో వాదించారు. బడి, భోజనం, నిద్ర వేళలు తప్పకూడదు. కుక్కపిల్లను తెస్తే రేబిస్ టీకా వేయించాలి. అదీ ఒకరోజు చనిపోతుందని, అప్పుడు పెద్దలు పక్కన ఉండాలని గుర్తుంచుకోవాలి. వారాల తరబడి తిండి, నిద్ర, ఆట మానేసినా, తానూ చనిపోతానని అంటున్నా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి. ప్రభుత్వ టెలి మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పులి చెంద్రుకు బాల్యంలో తోడైంది. అది వెళ్లిపోయాక తోడు నిలవాల్సింది మనుషులే.