కంపెనీకి 3 ఎత్తులు, చొరబాటుదారుకి 4: ‘నెట్‌రన్నర్’ కార్డుల ఆట ఎలా నడుస్తుంది?

పులి-మేక ఆటలో ఇద్దరి దగ్గరా ఒకే రకం పావులుండవు. ఒకరివి 3 పులులు, ఇంకొకరివి 15 మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా దూకితే మేక పోతుంది. మేక మాత్రం పులిని చంపలేదు. అన్నీ కలిసి పులులకి కదలడానికి సందు లేకుండా చుట్టుముడితే అదే మేకల గెలుపు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో అరుగు మీద సుద్దతో గీతలు గీసి, చింతపిక్కల్ని మేకలుగా, గులకరాళ్లని పులులుగా పెట్టుకుని ఆడిన తరం ఇప్పుడు దాదా-దాదీల వయసుకి వచ్చేసింది.

క్యారమ్స్‌లో గానీ చదరంగంలో గానీ ఇద్దరి బలమూ సమానం. పులి-మేకలో బలం వేరు, పని వేరు, గెలుపు వేరు. అయినా ఆట ఒకవైపే మొగ్గదు. ఇదే ఆలోచనని కార్డుల్లోకి తెచ్చి, పులి స్థానంలో ఒక హ్యాకర్‌ని, మేకల మంద స్థానంలో ఒక పెద్ద కంపెనీని పెడితే వచ్చేదే ‘నెట్‌రన్నర్’. 1996లో అమెరికాలో పుట్టింది. తయారుచేసినాయన రిచర్డ్ గార్‌ఫీల్డ్, గణితంలో డాక్టరేట్ ఉన్న మనిషి. అంతకు మూడేళ్ల ముందు, 1993లో, ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే కార్డుల ఆటతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు.

పేరులో కార్డులున్నాయి, కథలో హ్యాకింగ్ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ రెండు మాటలూ మంచి మాటలు కావు. పిల్లాడు పేకముక్కలు పట్టుకుంటే ‘జువా’ అంటారు, హ్యాకింగ్ అంటే పోలీసులు అంటారు. ఈ రెండు అనుమానాలకీ జవాబు ఉంది. ముందు ఆట అర్థం కావాలి.

కథ ఏంటి, ఎవరు ఏం చేస్తారు

కథ భవిష్యత్తులో జరుగుతుంది. ప్రభుత్వాల కన్నా కంపెనీలే పెద్దవైపోయిన కాలం. ఒక ఆటగాడు కంపెనీ. అతని దగ్గర రహస్య ప్రాజెక్టులు ఉంటాయి, వీటిని అజెండాలు అంటారు. వాటిని పూర్తిచేసి 7 పాయింట్లు తెచ్చుకుంటే కంపెనీ గెలిచినట్టు. రెండో ఆటగాడు రన్నర్, అంటే చొరబాటుదారు. కంపెనీ సర్వర్లలోకి దూరి అవే అజెండాలు దొంగిలించి 7 పాయింట్లు చేసుకోవడం అతని పని.

పులి-మేకలో గీతల మీద ఉన్నదంతా ఇద్దరికీ కనిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. కంపెనీ కార్డులన్నీ బోర్లా పడతాయి. బల్ల మీదున్న ఆ కార్డు అజెండానా, డబ్బులిచ్చే వ్యాపారమా, ముట్టుకుంటే కరిచే ఉచ్చా, రన్నర్‌కి తెలీదు. రన్నర్ పెట్టేవి మాత్రం అందరికీ కనిపించేలా పెట్టాలి. ఒకరు తలుపులు మూసుకుని కూర్చున్నారు, ఇంకొకరు వీధిలో నిలబడ్డారు. ఎత్తుకి పైఎత్తు అనే మాట తెనాలి వాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు గానీ, ఈ ఆటలో దాని అసలు రుచి ఇక్కడే ఉంది.

ఇంకో విశేషం. కంపెనీ చేతిలో ఉన్న కార్డులు కూడా ఒక సర్వరే, దాని పేరు హెడ్ ఆఫీసు. ఇంకా తీయని కార్డుల కట్ట పరిశోధన విభాగం. పారేసిన కార్డుల కుప్ప పాత ఫైళ్ల గది. రన్నర్ వీటిలో దేని మీదికైనా దాడికి వెళ్లొచ్చు. హెడ్ ఆఫీసులోకి దూరితే ఎదుటివాడి చేతిలోంచి ఏదో ఒక కార్డు చూస్తాడు, కట్ట మీద పడితే పై కార్డు తిప్పి చూస్తాడు. మామూలు కార్డుల ఆటలో చేతిలో ఉన్నది భద్రం అనుకుంటాం. ఇక్కడ చెయ్యి కూడా భద్రం కాదు.

కబడ్డీ చూసినవాళ్లకి ఇది వెంటనే పట్టుబడుతుంది. రైడర్ కూత పెట్టి ఒక్కడే అవతలి కోర్టులోకి వెళ్తాడు. ఎవర్ని తాకి రావాలి, ఎక్కడ పట్టేస్తారు అన్నది లోపలికి అడుగు పెట్టాకే తేలుతుంది. రన్నర్ చేసే దాడీ అంతే.

ఐస్ అంటే గోడ కాదు, టోల్‌గేటు

సర్వర్ ముందు కంపెనీ పెట్టే కాపలా కార్డుల్ని ‘ఐస్’ అంటారు. ఈ మాట ఆటలో పుట్టింది కాదు, విలియం గిబ్సన్ 1984 నవల ‘న్యూరోమాన్సర్’ ద్వారా జనంలోకి వచ్చింది. వీటిలో ముఖ్యంగా మూడు రకాలు: అడ్డుగోడ, రహస్య కోడ్ ఉన్న గేటు, తిరగబడి కొట్టే కాపలాదారు. ఒక్కో రకాన్ని దాటడానికి రన్నర్ దగ్గర ఒక్కో రకం ప్రోగ్రామ్ ఉండాలి. గోడ పగలగొట్టే పనిముట్టుతో తాళం రాదు.

ఇక్కడ చాలామంది కొత్తవాళ్లు తప్పుగా అర్థం చేసుకునేది ఒకటుంది. రన్నర్ ఐస్‌ని దాటాడంటే ఐస్ పోయిందని కాదు. అది అక్కడే ఉంటుంది. మళ్లీ వస్తే మళ్లీ డబ్బు కట్టి దాటాలి. కంపెనీ మాత్రం ఆ ఐస్‌ని పనిలోకి దించడానికి ఒక్కసారే ఖర్చు పెడుతుంది. బీకాం చదివినవాళ్ల భాషలో చెప్పాలంటే కంపెనీది మూలధన వ్యయం, రన్నర్‌ది రాబడి వ్యయం. ఒకరు యంత్రం కొన్నారు, ఇంకొకరు రోజూ కిరాయి కడుతున్నారు. అందుకే ఆట మొదట్లో, కంపెనీ ఇంకా కాపలాలు కట్టుకునే దశలో, రన్నర్ తేలిగ్గా దూరిపోతాడు. మధ్యలో కంపెనీ గట్టిపడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ రన్నర్ పనిముట్లన్నీ సమకూరి మళ్లీ పైచేయి అవుతుంది.

డబ్బుతో పాటు సమయానికీ లెక్క ఉంది. కంపెనీకి వంతుకి 3 ఎత్తులు, రన్నర్‌కి 4. ఒక ఎత్తుతో ఒక కార్డు తీసుకోవచ్చు, లేదా ఒక క్రెడిట్, అంటే ఆటలోని రూపాయి, తీసుకోవచ్చు, లేదా ఇంకో పని చేయొచ్చు. అజెండాని ఒక మెట్టు ముందుకి జరపడానికి ఒక ఎత్తూ ఒక క్రెడిట్టూ పోతాయి.

ఒక లెక్క చూద్దాం. కంపెనీ ఒక కార్డు బోర్లా పెట్టింది, అది ఒక ఎత్తు. మిగతా రెండు ఎత్తులతో దాన్ని రెండు మెట్లు జరిపింది. వంతు అయిపోయింది. అది 3 మెట్ల అజెండా అయితే వచ్చే వంతులో ఇంకో మెట్టు జరిపి పాయింట్లు రాసేసుకుంటుంది. అంటే మధ్యలో రన్నర్‌కి ఉన్నది ఒకే ఒక్క వంతు. అతని దగ్గర 6 క్రెడిట్లు, చేతిలో 3 కార్డులు. ముందున్న ఐస్ దాటడానికి 4 క్రెడిట్లు అవుతాయనుకుందాం. డబ్బు సరిపోతుంది, వెళ్లిపోవచ్చు కదా?

వెళ్తే అక్కడుంది అజెండా కాకపోవచ్చు. ‘అర్టికా సైఫర్’ అని ఒక ఉచ్చు కార్డుంది. దాన్ని చూసిన రన్నర్‌కి 2 దెబ్బలు, పైగా జరిపిన ప్రతి మెట్టుకీ ఇంకో దెబ్బ. రెండు మెట్లు జరిపారు కాబట్టి మొత్తం 4. ఒక్కో దెబ్బకి చేతిలోంచి ఒక కార్డు పోతుంది. చేతిలో ఉన్న కార్డుల కన్నా ఎక్కువ దెబ్బలు తగిలితే రన్నర్ చచ్చిపోయినట్టే, ఆట అక్కడే ముగుస్తుంది. 3 కార్డులతో 4 దెబ్బలు తినలేడు.

తెలివైన రన్నర్ ఏం చేస్తాడంటే, మొదటి రెండు ఎత్తులతో రెండు కార్డులు తీసుకుంటాడు. చేతిలో 5 అయ్యాయి. మూడో ఎత్తుతో దాడికి వెళ్తాడు. అజెండా అయితే దొంగిలిస్తాడు, ఉచ్చు అయితే 4 పోయి ఒక కార్డుతో బయటపడతాడు. లేదంటే ఆ కార్డు జోలికే పోకుండా, కంపెనీ డబ్బంతా అక్కడ పెట్టేసింది కదా అని కాపలా లేని హెడ్ ఆఫీసు మీద పడతాడు. ఏది సరైనది? ఎదుటివాడి మొహం చూసి, అతని ఖాతాలో ఎంత మిగిలిందో చూసి తేల్చుకోవాలి. రూల్‌బుక్‌లో దీనికి జవాబు లేదు.

చచ్చి బతికిన ఆట

1996 నాటి మొదటి నెట్‌రన్నర్‌ని మూసిన ప్యాకెట్లలో అమ్మారు. ప్యాకెట్ చించేదాకా లోపల ఏ కార్డుందో తెలీదు. మంచి కార్డు కోసం మళ్లీ మళ్లీ కొనాలి. నిజం చెప్పాలంటే ఆట బల్ల మీద పందెం లేకపోయినా కొట్టు దగ్గర కొంచెం లాటరీ వాసన ఉంది. ఆ రూపం కొన్నేళ్లకే ఆగిపోయింది.

2012లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని ‘ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్’ పేరుతో కొత్తగా తెచ్చింది. ఈసారి ప్యాకెట్లో ఏముందో ముందే తెలుస్తుంది, ఎవరు కొన్నా అవే కార్డులు. 2016 ప్రాంతంలో వచ్చిన ఒక వరుస ప్యాకెట్ల కథ మన దేశంలోనే జరుగుతుంది. ముంబై పెరిగి పెరిగి అహ్మదాబాద్ దాకా కలిసిపోయిన ‘ముంబాద్’ అనే మహానగరం అది. ఒక ప్యాకెట్ పేరు ‘కాలా ఘోడా’, ఇంకోదాని పేరు ‘సాల్సెట్ ఐలాండ్’. రెండూ ముంబైలో నిజంగా ఉన్న చోట్లే.

ఆట బాగా నడుస్తుండగానే 2018లో లైసెన్సు ముగిసింది, అక్టోబరుతో అమ్మకాలు ఆగిపోయాయి. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆడేవాళ్లే ఒక లాభాపేక్ష లేని బృందంగా ఏర్పడి, ‘నిసే’ పేరుతో కొత్త కార్డులు తయారుచేయడం మొదలుపెట్టారు. 2021లో కొత్తవాళ్ల కోసం ‘సిస్టమ్ గేట్‌వే’ తెచ్చారు, 2022లో బృందం పేరు ‘నల్ సిగ్నల్ గేమ్స్’గా మార్చుకున్నారు. పైన చెప్పిన ఉచ్చు కార్డు ఆ గేట్‌వేలోదే. డబ్బు పెట్టి అచ్చు కార్డులు కొనుక్కోవచ్చు, అక్కర్లేదంటే ప్రింటు తీసుకునే ఫైళ్లు ఉచితంగా ఇస్తారు. కంపెనీల మీద తిరగబడే కథ ఉన్న ఆట, కంపెనీ వదిలేశాక జనం చేతిలో బతకడం విచిత్రమే.

జూదమా? నేరమా?

ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలైన కుర్రాళ్ల వార్తలు జిల్లా ఎడిషన్లలో చదవనివాళ్లు లేరు. చట్టం సంగతి చూస్తే, 1967లో సికింద్రాబాద్ క్లబ్ ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమే అంది. ఆన్‌లైన్ వచ్చాక పరిస్థితి మారింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేల ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్నదాంతో పని లేదు, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటని నడపడమే నేరం.

అంటే గీత కార్డుల దగ్గర లేదు, పందెం దగ్గర ఉంది. పెద్దవాళ్లు ‘పులి జూదం’ అని పిలిచిన ఆటలోనూ పేరుకే జూదం. నెట్‌రన్నర్‌లో బల్ల మీద క్రెడిట్లే సర్వం, జేబులోంచి మాత్రం పైసా పోదు.

ఇక హ్యాకింగ్ సంగతి. ఈ ఆట ఆడటానికి కంప్యూటరే అక్కర్లేదు, ఆడినవాడికి ఒక్క పాస్‌వర్డ్ ఛేదించడం కూడా రాదు. నిజ జీవితంలో అనుమతి లేకుండా ఎవరి సిస్టమ్‌లోకైనా దురుద్దేశంతో దూరితే ఐటీ చట్టం 2000, సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఆటలో ఉన్న ఒక విషయం బయటా పనికొస్తుంది. మంచి రన్నర్ గట్టి ఐస్ ఉన్న సర్వర్ మీదికి పోడు, కాపలా లేనిదాన్ని వెతుక్కుంటాడు. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడూ అంతే. బ్యాంకు సర్వర్ పగలగొట్టడం ఖర్చుతో కూడిన పని, ఖాతాదారుణ్ణి కంగారు పెట్టడం చవక. అలా డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఆడాలంటే

ఫైళ్లు దించుకుని ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింటు తీయించుకోవచ్చు. ఒక ఏ4 కాగితం మీద 9 కార్డులు పడతాయి. కాగితం పల్చన కాబట్టి ప్లాస్టిక్ కవర్లలో వెనకాల పాత పేకముక్క పెట్టి దూర్చాలి. కంపెనీ కార్డులు బోర్లా ఉంటాయి గనక అన్నిటి వీపూ ఒకేలా కనిపించాలి, లేకపోతే ఉచ్చు ఏదో మడతని బట్టే తెలిసిపోతుంది. ప్రింటు గొడవ వద్దనుకుంటే జింటెకి డాట్ నెట్ అనే సైట్‌లో బ్రౌజర్లోనే ఉచితంగా ఆడొచ్చు. కార్డుల మీద ఇంగ్లీషు కొంచెం ఎక్కువే. బాపట్ల ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఉన్నవాళ్లకి అది అడ్డు కాదు గానీ, స్కూలు పిల్లలకి మొదటి రెండు మూడు ఆటలు ఎవరో పక్కన కూర్చుని చెప్పాలి.

ఆటకి ముప్పావు గంట పడుతుంది. తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కి కార్డులు పంచుకుంటే, రేపల్లెలో దిగేలోపు ఒక ఆట అయిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ కార్డులు మార్చుకోవాలి. కంపెనీగా గెలిచినవాడు రన్నర్‌గా కూడా గెలిస్తేనే లెక్క.