కొవ్వాడ రియాక్టరుకు అమెరికా ముద్ర: ఆ ఆమోదంలో ఏముంది, ఏం లేదు

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో కట్టాలనుకుంటున్నవి 6 అణు రియాక్టర్లు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున మొత్తం 7,248 మెగావాట్లు. అన్నీ అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ1000 రకమే. మొదట గుజరాత్‌లోని మిఠీ విర్దికి అనుకున్న ఈ రియాక్టర్లు 2016లో కొవ్వాడ వంతుకు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

వీటి భద్రత మాట ఎత్తితే ముందుగా వినిపించే జవాబు ఒకటుంది: ఇది అమెరికా నియంత్రణ సంస్థ పరిశీలించి ఆమోదించిన డిజైన్ అని. అది నిజమే. కానీ ఆమోదమంటే కొన్ని ప్రశ్నలకు, కొన్ని హద్దుల మధ్య దొరికిన జవాబుల మూట. ఏ ప్రశ్నలు అడిగారో, ఏవి స్థలానికి వదిలేశారో తెలిస్తేనే ఆ ముద్ర విలువ తేలుతుంది. అంకెలనే పట్టుకుని చూద్దాం.

9 ఏళ్ల 9 నెలలు

అమెరికాలో ఈ పని న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్‌ది. ముందు సంస్థ సిబ్బంది డిజైన్‌ను అధ్యాయాలవారీగా పరీక్షిస్తారు. బయటి నిపుణులతో కూడిన రియాక్టరు భద్రతా సలహా సంఘం దాన్ని మళ్లీ చూస్తుంది. ప్రజల అభ్యంతరాలు తీసుకున్నాక కమిషనర్లు ఓటు వేస్తారు. ఒకసారి ఆమోదించిన డిజైన్‌ను దేశంలో ఏ విద్యుత్ సంస్థయినా వాడుకోవచ్చు. తేలిపోయిన అంశాలను ప్రతిచోటా మళ్లీ తవ్వరు.

వెస్టింగ్‌హౌస్ దరఖాస్తు పెట్టింది 2002 మార్చిలో. 2004 సెప్టెంబరుకు భద్రతా మదింపు పూర్తయింది, 2006 జనవరిలో ధ్రువీకరణ వచ్చింది. 2007 మేలో కంపెనీ మార్పులతో మళ్లీ తలుపు తట్టింది. మారిన డిజైన్‌కు తుది ఆమోదం 2011 డిసెంబరులో లభించింది. మొదటి దరఖాస్తు నుంచి లెక్కేస్తే 9 ఏళ్ల 9 నెలలు. ఇందులో రెండో విడతే, అంటే దిద్దుబాట్ల పరిశీలనే, మొదటి విడత కంటే ఎక్కువ కాలం పట్టింది.

72 గంటలు

ఏపీ1000 ప్రత్యేకత అంతా ఈ అంకెలో ఉంది. రియాక్టరును ఆపేసినా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది. 3,400 మెగావాట్ల ఉష్ణశక్తితో నడిచే కోర్‌లో, ఆపిన క్షణాన అందులో 6 శాతానికి పైగా, అంటే 200 మెగావాట్లకు మించి వేడి మిగులుతుంది. ఒక రోజు గడిచాక కూడా 17 మెగావాట్ల దాకా ఉంటుంది. 2011లో ఫుకుషిమాలో సునామీ వచ్చి కరెంటు పోయాక అక్కడి మూడు రియాక్టర్లను కరిగించింది ఈ మిగులు వేడే.

ఏపీ1000లో దీన్ని పంపులు లేకుండా బయటికి పంపే ఏర్పాటు ఉంది. రియాక్టరు చుట్టూ సుమారు 4.4 సెంటీమీటర్ల మందమున్న ఉక్కు కవచం, దాని బయట కాంక్రీటు భవనం, ఆ భవనం నెత్తిన సుమారు 30 లక్షల లీటర్ల నీటి తొట్టి ఉంటాయి. ప్రమాదం జరిగితే కవాటాలు తెరుచుకుని నీరు తన బరువుతోనే ఉక్కు కవచం మీదుగా జారుతుంది. భవనంలోకి వచ్చే గాలి ఆ నీటిని ఆవిరి చేసి, వేడిని ఆకాశంలోకి తీసుకుపోతుంది. 72 గంటల పాటు బయటి కరెంటుగానీ, డీజిల్ జనరేటర్లుగానీ, ఆపరేటర్ చెయ్యిగానీ అవసరం లేదన్నది కంపెనీ వాదన.

ఇది కాగితం మీద నిలుస్తుందా? మనమే చూడవచ్చు. లీటరు నీరు పూర్తిగా ఆవిరవడానికి సుమారు 22.6 లక్షల జౌళ్ల వేడి కావాలి. 30 లక్షల లీటర్లకు లెక్కేసి 72 గంటలకు పంచితే, తొట్టి సగటున 26 మెగావాట్లను మోయగలదు. మొదటి మూడు రోజుల మిగులు వేడి సగటు అంతకంటే తక్కువే. లెక్క సరిపోయింది. అయితే పరిశీలకుల ప్రశ్నలు అసలు మొదలయ్యేది ఇక్కడే. నీరు ఉక్కు మీద సమంగా పరుచుకుంటుందా, పాయలుగా చీలిపోతుందా? ఎంత నీరు ఆవిరి కాకుండానే కిందికి కారిపోతుంది? ఏళ్లు గడిచి పెయింటు మారితే తడి ఎలా అంటుకుంటుంది? వీటిని ప్రయోగాలతో, కంప్యూటర్ నమూనాలతో నిరూపించాల్సి వచ్చింది.

59కి, 58.3కి మధ్య

లోపల పైపు పగిలి ఆవిరి నిండితే ఆ ఉక్కు కవచం ఎంత ఒత్తిడి తట్టుకోవాలి? డిజైన్ హద్దు 59 పీఎస్ఐ. కారు టైరులో మనం కొట్టించే గాలికి రెట్టింపు కంటే కాస్త తక్కువ. 2011లో పరిశీలన చివరి దశలో ఉండగా, ఈ ఒత్తిడి లెక్కల్లో లోపాలు బయటపడ్డాయి. జవాబులు వచ్చేదాకా ముందుకు కదిలేది లేదని కమిషన్ అధ్యక్షుడు గ్రెగరీ యాట్స్‌కో ఆ మే నెలలో బహిరంగంగానే చెప్పారు. సరిచేశాక గరిష్ఠ ఒత్తిడి 57.8 నుంచి 58.3కి పెరిగింది. హద్దుకు మిగిలిన దూరం 0.7, శాతంలో చెప్పాలంటే 1.2.

ఈ అంకెను చూసి భయపడేవారు ఒక సంగతి గమనించాలి. ఆ 58.3 వచ్చింది పరిస్థితులన్నీ ప్రతికూలంగా ఊహించుకుని వేసిన లెక్కలో. పైగా 59 దగ్గర ఉక్కు చిట్లిపోదు, దాని అసలు బలం అంతకు చాలా ఎక్కువ. ఇది చూసి ధీమాపడేవారు మరో సంగతి గమనించాలి. ఆ తప్పు దొరికింది దరఖాస్తు పెట్టిన తొమ్మిదేళ్లకు.

3 అడుగుల గోడ

రెండో విడతలో కంపెనీ తెచ్చిన పెద్ద మార్పు బయటి రక్షణ భవనంలో ఉంది. మామూలు ఇనుప చువ్వల కాంక్రీటు బదులు, రెండు ఉక్కు పలకల మధ్య కాంక్రీటు నింపిన మాడ్యూళ్లను ప్రతిపాదించింది. నిర్మాణం వేగంగా సాగాలి, పెద్ద విమానం గుద్దినా తట్టుకోవాలన్నది ఉద్దేశం. గోడ మందం 3 అడుగులు. నీటి తొట్టిని మోసేదీ ఇదే.

2009 అక్టోబరులో నియంత్రణ సంస్థ ఈ గోడను ఒప్పుకోలేదు. భూకంపం, పెనుగాలుల వంటి భారాలను ఇది తట్టుకుంటుందని కంపెనీ నిరూపించలేదని తేల్చింది. కంపెనీ డిజైన్ మార్చి, పరీక్షలు చేయించి తిరిగి వచ్చింది. అప్పుడు కూడా సంస్థలోని ఒక సీనియర్ స్ట్రక్చరల్ ఇంజినీరు సమ్మతించలేదు. గోడలో వాడే ఒక రకం మాడ్యూల్ పరీక్షలో పెళుసుగా విరిగిందని రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టారు. ఆ భాగాల మీద పడే భారం వాటి బలం కంటే చాలా తక్కువ కనుక ఫరవాలేదని మిగతా సిబ్బంది, సలహా సంఘం వాదించి డిజైన్‌ను అంగీకరించారు. ఆయన అసమ్మతి పత్రం మాత్రం రికార్డుల్లో అందరికీ అందుబాటులో ఉంది.

తర్వాతి మెట్టులోనూ ఏకాభిప్రాయం లేదు. జార్జియా రాష్ట్రంలోని వోగ్‌టిల్‌లో రెండు ఏపీ1000ల నిర్మాణానికి, నిర్వహణకు 2012 ఫిబ్రవరిలో లైసెన్సు ఇచ్చినప్పుడు కమిషన్ 4-1గా చీలింది. వ్యతిరేక ఓటు అధ్యక్షుడిదే. ఫుకుషిమా పాఠాలను అమలు చేస్తామన్న కట్టుబాటు లైసెన్సులోనే ఉండాలన్నది ఆయన పట్టు.

20 లక్షల ఏళ్లకు ఒకటి

డిజైన్ పత్రాల్లో అందరూ ఎత్తి చూపే అంకె ఇది. ఏపీ1000లో కోర్ దెబ్బతినే అవకాశం ఏడాదికి కోటిలో 5.1 అని అంచనా, అంటే ఒక రియాక్టరు సుమారు 20 లక్షల ఏళ్లు నడిస్తే ఒకసారి. అమెరికా సంస్థ కోరే ప్రమాణం 10,000 ఏళ్లకు ఒకటి. దానికి ఇది 200 రెట్లు మెరుగు.

దీన్ని కొవ్వాడకు అన్వయిద్దాం. 6 రియాక్టర్లు, ఒక్కొక్కటి 60 ఏళ్లు నడిస్తే 360 రియాక్టరు-సంవత్సరాలు. కంపెనీ అంకె ప్రకారం కేంద్రం జీవితకాలంలో ఒక కోర్ దెబ్బతినే అవకాశం సుమారు 5,500లో ఒకటి. అమెరికా కనీస ప్రమాణం ప్రకారమైతే 3.6 శాతం.

ఇక జరిగిన చరిత్ర. ప్రపంచంలోని అణు విద్యుత్ కేంద్రాలన్నీ కలిపి ఇప్పటికి సుమారు 20,000 రియాక్టరు-సంవత్సరాలు నడిచాయి. త్రీమైల్ ఐలాండ్, చెర్నోబిల్, ఫుకుషిమా ప్రమాదాల్లోనే 5 కోర్లు నాశనమయ్యాయి. అంటే 4,000 ఏళ్లకు ఒకటి. అవి పాత డిజైన్లు, పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. కానీ మూడుచోట్లా మనుషుల పొరపాటో, డిజైన్‌లో లెక్కించని అలో ప్రమాదానికి దారి తీసింది. అలాంటివి లెక్కల్లోకి ఎక్కించడం కష్టం.

ఇంకో మెలిక ఉంది. ఈ 5.1లో యంత్రాల వైఫల్యం, లోపలి మంటలు, లోపలి నీటి ముంపు ఉన్నాయి. భూకంపం లేదు. నేలను బట్టి మారేదాన్ని స్థలం తెలియకుండా లెక్కించలేరు గనుక, దాన్ని వేరే పద్ధతిలో చూశారు. గురుత్వ త్వరణంలో 0.3 వంతు కుదుపుకు డిజైన్ చేసి, 0.5 వంతు దాకా నిలుస్తుందని చూపారు. ఆ అంకెలు కొవ్వాడ నేలకు సరిపోతాయా అన్నది కొవ్వాడలోనే తేలాలి.

51 ప్రశ్నలు

ఇదే డిజైన్‌ను బ్రిటన్ కూడా పరిశీలించింది. అక్కడి పద్ధతి వేరు. నిబంధనకు సరిపోయిందా అని చూసి ఊరుకోరు. ముప్పును ఇంతకంటే తగ్గించడం ఆచరణలో సాధ్యం కాదని చూపే భారం కంపెనీ మీదే పెడతారు. 2011 డిసెంబరులో, అమెరికా తుది ఆమోదం ఇచ్చిన నెలలోనే, బ్రిటన్ నియంత్రణ సంస్థలు తాత్కాలిక ఆమోదం మాత్రమే ఇచ్చి 51 అంశాలు తేల్చాలన్నాయి. ఉక్కు-కాంక్రీటు మాడ్యూళ్లకు మరింత సమర్థన చూపడం అందులో ఒకటి.

కొనేవారు లేక కంపెనీ కొన్నేళ్లు పని ఆపింది. 51 అంశాలూ ముగిసి తుది ఆమోదం వచ్చింది 2017 మార్చి 30న. ముందురోజే, మార్చి 29న, వెస్టింగ్‌హౌస్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. భద్రతా పరిశీలన ఖర్చుల జోలికి వెళ్లదని ఇంతకంటే బాగా చెప్పే తేదీలు లేవు. వోగ్‌టిల్ రెండు రియాక్టర్లు 2023 జులైలో, 2024 ఏప్రిల్‌లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. 14 బిలియన్ డాలర్లన్న అంచనా 30 బిలియన్లు దాటింది.

ముద్ర పడ్డాక దొరికిన తప్పు

ఫ్లోరిడాలోని లెవీ కౌంటీ కేంద్రానికి లైసెన్సు పరిశీలిస్తుండగా డిజైన్‌లో కొన్ని లోపాలు బయటపడ్డాయి. అన్నిటిలో ముఖ్యమైనది నీటి లెక్క. ప్రమాదంలో ఉక్కు కవచం లోపలి వైపు ఆవిరి చల్లబడి నీరవుతుంది. ఆ నీరు గోడ వెంట జారి, తూముల్లో చేరి, రియాక్టరును చల్లబరిచే తొట్టికి తిరిగి రావాలి. గోడకు అతికించిన పలకలు, దిమ్మెల దగ్గర చాలా నీరు కిందికి చుక్కలుగా రాలిపోతుందనీ, ముందు అనుకున్నంత తిరిగి రాదనీ పరీక్షల్లో తేలింది. నీటిని పట్టే తూములు అదనంగా పెట్టి, విశ్లేషణ మళ్లీ చేసి సరిదిద్దారు. లెవీకి లైసెన్సు 2016 అక్టోబరులో గానీ రాలేదు. తొమ్మిదేళ్లకు పైగా సాగిన పరిశీలన కూడా దీన్ని పట్టుకోలేకపోయింది. పట్టుకున్నది ఆ తర్వాత ఆగకుండా సాగిన పరిశీలన.

46, 30

డిజైన్ ఆమోదానికి కొన్ని వాతావరణ హద్దులున్నాయి. గాలి ఉష్ణోగ్రత 46 డిగ్రీల సెల్సియస్, తడి బల్బు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. థర్మామీటరుకు తడిగుడ్డ చుట్టి కొలిచేదే తడి బల్బు. గాలిలో తేమ పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. నీటిని ఆవిరి చేసి చల్లబరిచే యంత్రానికి ఎండ కంటే ఇదే ముఖ్యం. 35 డిగ్రీల వేడిలో 70 శాతం తేమ ఉంటే తడి బల్బు దాదాపు 30కి చేరుతుంది. మే నెల ఉక్కపోతలో ఉత్తరాంధ్ర తీరం ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇది దూరపు అంకె కాదు. ఫ్లోరిడాలోని టర్కీ పాయింట్‌లో ఈ హద్దు దాటుతుందని తేలడంతో విడిగా విశ్లేషణ చూపి మినహాయింపు తీసుకోవాల్సి వచ్చింది. కొవ్వాడలో కేంద్రం 60 ఏళ్లు నడవాలి. ఇవాళ్టి ఎండలతో పాటు వచ్చే తరాల ఎండలనూ లెక్కలోకి తీసుకోవాలి.

తుపాన్లదీ ఇదే దారి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. కొవ్వాడ ఆ రెండింటి నడుమ ఉంది. గాలి వేగం, ఉప్పెన ఎత్తు, నేల గట్టిదనం, చుట్టూ జనసంఖ్య, ఊళ్లు ఖాళీ చేయించే దారులు: కొవ్వాడలో ఇవి ఎలా ఉన్నాయో అమెరికా ముద్ర చెప్పలేదు.

మన పరిశీలకులు ఏం అడగాలి

ఆ పని మన అణుశక్తి నియంత్రణ మండలిది. 1983లో ఏర్పడిన ఈ మండలి స్థలానికి, నిర్మాణానికి, ప్రారంభానికి, నిర్వహణకు వేర్వేరుగా అనుమతులిస్తుంది. ప్రతి దశకూ కమిటీల అంచెలున్నాయి. దీనికి తగిన చట్టబద్ధ స్వతంత్రత లేదని 2012లో కాగ్ తప్పుపట్టింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం ‘శాంతి’ దానికి చట్టబద్ధ హోదా కల్పించింది. ఆ హోదాకు పెద్ద పరీక్ష కొవ్వాడ లాంటి చోటే ఎదురవుతుంది.

కాబట్టి ‘ఆమోదించిన డిజైన్’ అన్న మాట వినగానే నాలుగు ప్రశ్నలు వేయవచ్చు. బ్రిటన్ అడిగిన 51 ప్రశ్నలకు వచ్చిన జవాబులు, లెవీలో చేసిన దిద్దుబాట్లు మనకు అమ్మే డిజైన్‌లో ఉన్నాయా? 30 డిగ్రీల హద్దుకూ కొవ్వాడ కొలతలకూ మధ్య ఎంత దూరముంది? భూకంపాన్ని కూడా కలిపితే 20 లక్షల ఏళ్ల అంకె ఎంతకు దిగుతుంది? మండలి కమిటీల్లో ఎవరైనా అసమ్మతి రాస్తే, అమెరికా ఇంజినీరు పత్రం లాగే అది మనకు చదవడానికి దొరుకుతుందా? మొదటి మూడింటికి ఇంజినీర్లు జవాబు చెప్పగలరు. నాలుగోదానికి జవాబు లేకపోతే, ఆ మూడు జవాబులు సరైనవో కావో తెలుసుకునే దారి శ్రీకాకుళం ప్రజలకు ఉండదు.