అడవినాభి: అందం పూవులో, విషం దుంపలో

వానాకాలంలో కంచెలపై నిప్పుశిఖల వంటి పూలు విరబూసే తీగ అడవినాభి. అగ్నిశిఖ, పొత్తిదుంప అనీ పిలుస్తారు. ఆకుల కొనలే నులితీగలై ఆసరాను పెనవేసుకోవడం దీని విశేషం. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం. అక్కడ విత్తనాల కోసం సాగు కూడా చేస్తారు. గౌట్ కీళ్లవాపునకు వాడే కాల్చిసిన్ ఈ విత్తనాలలో లభిస్తుంది. మోతాదు మించితే అదే ప్రాణాంతకం.

ఇంటి తోటలో పెంచదలచినవారు గమనించవలసింది దుంపనే. చిలగడదుంపగా పొరబడి తిని మరణించినవారున్నారు. వాంతులు, విరేచనాలు కొన్ని గంటల తర్వాత గాని మొదలు కావు. కనుక లక్షణాల కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

వానాకాలం ముగిశాక తీగ ఎండిపోతుంది, దుంప మాత్రం మట్టిలోనే ఉంటుంది. తవ్వేవారికి ఆ సంగతి తెలియదు. అందువల్ల పేరు రాసిన కుండీలోనే నాటడం ఉత్తమం. పసిపిల్లలు, పశువులు ఉన్న ఇళ్లలో అసలు నాటకూడదు.