పదిహేను వేలల్లో ఏది మంచిది?

"అన్నా, పదిహేను వేల లోపల మంచి ఫోన్ ఏదుంది?" దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల పక్కనున్న సెల్ షాపుల్లో షట్టర్ లేచింది మొదలు మళ్లీ దించేదాకా వినపడే ప్రశ్న ఇది. చెయ్యి తిరిగిన కౌంటర్ కుర్రాడు వెంటనే పేరు చెప్పడు. "ఏం జేస్తవ్ తమ్మీ? గేమ్స్ ఆడతవా, ఫొటోలు తీస్తవా?" అని ఎదురడుగుతాడు. ఈ యంత్రం ముప్పై ఏళ్ల కథంతా ఆ ఎదురుప్రశ్నలోనే ఉంది. అన్నీ బాగుండే ఫోన్ ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు. కంపెనీలు ఇవ్వాలనుకున్నా భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది.

1994 ఆగస్టులో అమెరికాలో ఐబీఎం 'సైమన్'ను అమ్మకానికి పెట్టింది. తాకితే పనిచేసే తెర, క్యాలెండర్, ఈమెయిల్, ఫ్యాక్స్... స్మార్ట్‌ఫోన్ అని ఇవాళ మనం అనేదానికి మొదటి రూపం అదే. బరువు అర కిలో. నికెల్-కాడ్మియం బ్యాటరీతో గంట మాట్లాడితే ఖాళీ. ఆరు నెలల్లో సుమారు 50 వేలు అమ్ముడై, కనుమరుగైంది. ఊహ ముందు పుట్టింది, దాన్ని మోసే బ్యాటరీ దానికి ఇంకా అందలేదు.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. కాల్ వచ్చినా డబ్బు కట్టాల్సిన రోజులవి. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక సెల్‌ఫోన్ సామాన్యుడి జేబులోకి దిగింది. ఆ ఏడాదే వచ్చిన నోకియా 1100 సైమన్‌కు సరిగ్గా తలకిందులు. రంగుల తెర లేదు, కెమెరా లేదు, ఈమెయిల్ లేదు. దుమ్ము చొరని కీప్యాడ్, టార్చి, రోజుల తరబడి నిలిచే చార్జింగ్ మాత్రం ఉన్నాయి. ప్రపంచం మొత్తమ్మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. తమకు ఏవి అక్కర్లేదో జనం అంత స్పష్టంగా చెప్పిన సందర్భం ఈ రంగంలో అరుదు.

సైమన్‌కు దొరకని శక్తి లిథియం-అయాన్ బ్యాటరీ నుంచి వచ్చింది. సోనీ దాన్ని 1991లోనే మార్కెట్లోకి తెచ్చింది. దాన్ని సాధ్యం చేసిన విటింగ్‌హామ్, గుడ్‌ఇనఫ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. అయినా చిప్‌లు ఎదిగిన వేగంతో బ్యాటరీలు ఎదగలేదు. ఇవాళ్టి 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది దాదాపు 19 వాట్-అవర్ల శక్తి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రెండు గంటలు వెలగడానికి సరిపోతుంది, అంతే. తెర, రేడియో, చిప్, కెమెరా నాలుగూ దాన్నే పంచుకోవాలి. చోటూ అంతే: చైతన్యపురి హాస్టల్ గదిలో మూడో మంచం వేస్తే బల్ల బయటికి పోవాల్సిందే. కెమెరా పెద్దదైతే బ్యాటరీ చిన్నదవుతుంది. బ్యాటరీ పెంచితే చేతిలో బరువు పెరుగుతుంది.

2007 జనవరిలో ఆపిల్ ఐఫోన్‌ను చూపించింది. 2008 ఆగస్టులో అది మన దేశానికి వచ్చింది, అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో తొలి ఆండ్రాయిడ్ ఫోన్ అమ్మకానికొచ్చింది. పుల్లతో గట్టిగా నొక్కే తెరలు పోయి, వేలు ఆనిస్తే చాలనే కెపాసిటివ్ తెరలు వచ్చాయి. గాజు కింద ఇండియం టిన్ ఆక్సైడ్‌తో చేసిన పలుచని, పారదర్శకమైన విద్యుత్ పొర ఉంటుంది. వేలు దగ్గరికొస్తే అక్కడి విద్యుత్ క్షేత్రం మారుతుంది, ఆ మార్పును బట్టి ఎక్కడ తాకామో ఫోన్ లెక్క కడుతుంది. నీటిలోనూ విద్యుత్తు పారుతుంది కాబట్టి వానలో తెర తికమకపడుతుంది. జులై ముసురులో ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆగి, తెరను చొక్కాకు తుడుచుకుంటూ అడ్రసు వెతికే డెలివరీ కుర్రాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

వాళ్లకు ఎండాకాలం ఇంకో పరీక్ష. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని ఆపిల్ సూచన. మే నెలలో హైదరాబాద్ 40 దాటుతుంది. బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ మీద నేరుగా ఎండ పడుతుంటే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, తెర మసకబారుతుంది, చార్జింగ్ నెమ్మదిస్తుంది. ఏసీ గదిలో రెండు నిమిషాల పరీక్షలో వచ్చిన స్కోరు ఈ రోడ్డు మీద నిలవదు. పైగా బండి అదురు కెమెరాలోని స్థిరీకరణ భాగాన్ని దెబ్బతీయొచ్చని 2021లో ఆపిలే హెచ్చరించింది.

కోచింగ్ విద్యార్థి లెక్క వేరు. రాత్రి పన్నెండు దాకా పీడీఎఫ్‌లు చదివేవాడికి తెర ముఖ్యం. అమోలెడ్‌లో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, నలుపు అంటే ఆరిపోవడమే. నల్ల నేపథ్యం పెట్టుకుంటే చార్జింగ్ మిగులుతుంది. కానీ చాలా అమోలెడ్ తెరలు వెలుగు తగ్గించడానికి కంటికి కనపడనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి. కొందరికి అదే తలనొప్పి. అలాంటివాళ్లకు పాతదని పక్కన పెట్టిన ఎల్‌సీడీయే హాయి.

ఇక నాగోల్ వైపు ఫంక్షన్ హాల్లో రాత్రి రిసెప్షన్ ఫొటోలు. 48 మెగాపిక్సెల్ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. అలాంటి చాలా సెన్సర్లలో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.8 మైక్రాన్. చిన్న పిక్సెల్ మీద పడే కాంతీ తక్కువే, అందుకే మసక వెలుతురులో నాలుగింటిని కలిపి ఒకటిగా లెక్కిస్తారు. చివరికి చేతికొచ్చేది 12 మెగాపిక్సెళ్ల ఫొటో. ఆపైన ఫోన్ అరక్షణంలో తీసిన చాలా ఫ్రేములను కలిపి, రంగులు దిద్దుతుంది. పెళ్లికూతురు చామనఛాయను ఉన్నదున్నట్టు చూపాలా, తెల్లబరచాలా అన్నది ఎక్కడో ఒక ఇంజనీరు రాసిన నిర్ణయం. ఒకే మనిషి రెండు ఫోన్లలో రెండు రకాలుగా కనపడేది అందుకే. ఏది నచ్చుతుందన్నది చూసేవాళ్ల ఇష్టం, ఏ అంకె చెప్పినా తేలదు.

పట్టికలో కనపడని గుణం ఇంకోటుంది: తెలుగు. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే యాప్ కూలిపోయేది. జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక విడదీసే సంకేతం, చివర దీర్ఘం... ఈ వరసను అక్షరంగా పేర్చబోయి సాఫ్ట్‌వేర్ తడబడింది. ఫిబ్రవరి 19న 11.2.6 వస్తేగాని అది సర్దుకోలేదు. లక్ష రూపాయల ఫోన్ మన గుణింతం దగ్గర కూలబడింది.

కాబట్టి కౌంటర్ దగ్గర చేయాల్సిన పరీక్షలు పెట్టె మీద ఉండవు. ఫోన్ పట్టుకుని గుమ్మం బయట ఎండలో నిలబడి తెర చదవండి. తెలుగులో నాలుగు వాక్యాలు కొట్టండి. *#07# నొక్కితే రేడియేషన్ అంకె వస్తుంది, మన దేశంలో పరిమితి కిలోకు 1.6 వాట్లు. సెకండ్ హ్యాండ్ అయితే *#06# నొక్కి, వచ్చిన ఐఎంఈఐ అంకెలను ఇంగ్లిష్‌లో కేవైఎం అక్షరాల తర్వాత చేర్చి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. దొంగ సొత్తని బ్లాక్ చేసిన ఫోన్ అయితే బయటపడుతుంది.

రెండు ఫోన్ల మధ్య ఊగిసలాడుతుంటే, వీటిలో ఏది తక్కువైతే నాకు రోజూ ఇబ్బంది అని వేసుకునే ప్రశ్న దారి చూపుతుంది. చాలామంది జవాబు 'చార్జింగ్ ఆగట్లేదు' అనే. లిథియం బ్యాటరీ కొన్ని వందల చార్జింగుల తర్వాత నీరసించడం సహజం, మిగతా ఫోన్ ఇంకా దిట్టంగానే ఉంటుంది. అలాంటప్పుడు పదిహేను వేలు దాచుకుని, పాత ఫోన్‌కే కొత్త బ్యాటరీ వేయించుకోవచ్చు.