మీకు తెలుసా? నోటు మీది తెల్లచార అచ్చుతప్పో కాదో మడిచి చూస్తే తెలుస్తుంది

అచ్చువేసేటప్పుడు కాగితం మడతపడితే ఆ మడత లోపలికి సిరా చేరదు. తర్వాత విప్పినప్పుడు నోటు మీద తెల్లటి చార బయటపడుతుంది. సేకర్తలు అపురూపంగా చూసుకునే అచ్చుతప్పు ఇది. అసలైనదో కాదో తేల్చాలంటే చారను మళ్లీ అలాగే మడవండి. అటూ ఇటూ ఉన్న సన్నగీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. తర్వాత ఎవరో గీకి చేసిన చారైతే మడిచినప్పుడు బొమ్మలో కొంత ముక్క మాయమవుతుంది. భూతద్దం కింద అక్కడి కాగితపు పోగులు లేచి కనిపిస్తాయి. నా దృష్టిలో అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

రంగు మారిన నోట్లతో ఇంకా జాగ్రత్త. ఎండకూ బ్లీచింగుకూ సిరా వెలిసిపోతుంది. అలాంటిదాన్ని అచ్చుతప్పని నమ్మి డబ్బు పోయడం నష్టమే.

నంబరు ముందు నక్షత్రం ఉన్నది మాత్రం తప్పుపడిన నోటు కాదు. అచ్చులో లోపం వచ్చిన నోటును తీసేసి, దాని బదులు కట్టలో పెట్టే మంచి నోటు అది. 10, 20, 50 రూపాయల్లో ఈ పద్ధతిని రిజర్వ్ బ్యాంక్ 2006లో మొదలుపెట్టింది. అలాంటి కట్టలోనూ 100 నోట్లే ఉంటాయి, వరుస నంబర్లే ఉండవు.